బాలింత పత్యం

పశువుల దవాఖానలో డాక్టర్ మా పిల్లి పెదవి పైకెత్తి చూశాడు. చిగుళ్లు సున్నంలా తెల్లబడి ఉన్నాయి.

"రక్తమే లేదు. ఏం పెడుతున్నవమ్మా?"

మా ఇంటి దగ్గరి కంపెనీ గోడ పక్కన పిల్లలతో పడి ఉన్న ఆ బక్కపిల్లిని తెచ్చి సాకుతున్నది నేనే. గొప్పగా చెప్పాను.

"నా లెక్కనే బాలింత గద సార్! నా పత్యమే దానికి గూడ. ఎల్లిపాయ కారం, బువ్వ. మొహం తిప్పుకుంటే ముద్దలు చేసి కుక్కుతున్న."

ఐదో తరగతితో ఆగిన నా డాక్టరీ అంతటిది.

ఆయన తల పట్టుకున్నాడు. "ఎల్లిపాయ పిల్లికి విషమమ్మా! ఉన్న రక్తం గూడ పోతది. ఇగ బంద్ చెయ్యి. గుడ్లు, చేపలు పెట్టు. పాలిచ్చే తల్లికి తిండి లేకుంటే ఎట్ల?"

నా పత్యం చూసేది మా అత్త. నా చంటిదాన్ని ఎత్తుకుని పక్కనే ఉంది. దగ్గరికొచ్చి నా కింది కనురెప్ప లాగి చూసింది.

"బాలింతకు గుడ్లు పడ్తయా సార్?"

"పిల్లికా?"

"ఇద్దరికి."