పదకొండో పేజీ

"పదకొండో పేజీ చూశావా?" అని అడిగారు మేడమ్, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంటూ.

చూశానన్నాడు శిష్యుడు. చూడ్డమేమిటి, ఆ పేజీ అతనికి కంఠతా వచ్చు.

స్థలం, కాలం ముందే పరిచి ఉంచిన వేదికలు కావనీ, వస్తువుల మధ్య సంబంధాలే అసలు సంగతనీ, గురుత్వాకర్షణ కూడా వాటిలోంచే పుట్టుకురావాలనీ మేడమ్ ముప్పై ఏళ్ళుగా లెక్కలు కడుతున్నారు. బయటి గడియారమనేది ఉండకూడదన్నదే ఆ సిద్ధాంతానికి ప్రాణం. తీరా ఆ రాతప్రతి పదకొండో పేజీలో, ఒక చిన్న గుర్తు చాటున, బయటి గడియారమే దొంగదారిన దూరింది. దాన్ని తీసేస్తే తర్వాతి నూటనలభై పేజీలూ కుప్పకూలతాయి.

ఆ తప్పు అతనికి రెండేళ్ళ క్రితం దొరికింది. అప్పటికే పరిశోధన వదిలేసి బీమా ఆఫీసులో చేరాడు. భార్య విడిపోయి వెళ్ళింది. అలసట ఒంట్లో కాపురం పెట్టింది. అయినా ప్రతి శనివారం సాయంత్రం రెండు బస్సులు మారి మేడమ్ ఇంటికి వస్తాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషికి, గుండె ఆపరేషనైన మనిషికి, మీ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరని ఏ నోటితో చెప్పడం?

ఆ రోజు మాత్రం చెప్పేద్దామనే వచ్చాడు. అబద్ధం మోసి మోసి విసిగిపోయాడు. మేడమ్ అక్కగారు ఎప్పటిలాగే పట్టుబట్టి అన్నం పెట్టింది. తిని, బల్ల ముందు కూర్చుని, ఆ పేజీ తీసి వేలు పెట్టాడు.

"మేడమ్, ఇక్కడ ఈ గుర్తు..."

"ఊఁ, చెప్పు."

తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. పేజీ మీంచి వేలు తీసేశాడు.

"కాస్త స్పష్టంగా రాస్తే బాగుంటుంది."

మేడమ్ ఆ గుర్తు వంక చాలాసేపు చూశారు. వచ్చే వారం కూర్చుందాం, తొందరేముందన్నారు.

అతను వసారాలోకి వచ్చి బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. లోపల అక్కగారు చెల్లెల్ని సన్నగా కోప్పడుతోంది. వారమంతా ఆ కాగితాల మొహం చూడవు, శనివారం వచ్చేసరికి మాత్రం ఎందుకే ముందేసుకుంటావని అడుగుతోంది.

మేడమ్ జవాబు మెల్లగా వినిపించింది.

"లెక్క తప్పని ఒప్పుకుంటే, వాడింకెక్కడికి వెళ్తాడక్కా?"