ఎన్ అంటే...

అది జూన్ పదకొండు. చిట్టీ, కళ్లద్దాల దుకాణం ఆయనా మధ్యాహ్నం చెరో రెండు ఉడకబెట్టిన గుడ్లు తిని, పెద్దగా మాటల్లేకుండానే బయల్దేరారు. ఇప్పుడు వంతెన మీద కారు ఆగనంటోంది.

"కాలు తియ్యమ్మా!"

"తీశాను! చూడండి, కాలు గాల్లో ఉంది!"

పక్క సీట్లోంచి ఆయన వంగి చూశాడు. నిజమే. యాక్సిలరేటర్ పెడల్ పైకి లేచి బుద్ధిగా కూర్చుంది. కాళ్ల కింద పట్టా కూడా అడ్డం పడలేదు. ఇంజిన్ మాత్రం ఎవరో కసిగా తొక్కుతున్నట్టు అరుస్తోంది. పెడల్ మాటని ఇంజిన్‌కి చేరవేసేది ఎక్కడో లోపలున్న ఎలక్ట్రానిక్ పెట్టె. ఆ పెట్టె ఇప్పుడు ఎవరి మాటా వినడం లేదు.

"ఇదిగో, మిమ్మల్నే! ఏం చెయ్యాలో చెప్పండి!" అంది చిట్టి.

అమ్మ ఆయన్ని పెళ్లి చేసుకుని ఏడాది దాటినా, చిట్టి నోట ఆయనకి పిలుపు కుదరలేదు. పోయిన నాన్న చోటు నాన్నదే. అందుకని "ఇదిగో, మిమ్మల్నే" దగ్గరే ఆగిపోయింది. దుకాణం బోర్డు మీద ఆ పేరే రాయించుకుంటానని ఆయన నవ్వేవాడు.

ఇప్పుడు నవ్వడం లేదు. వంతెన దిగితే ఆసుపత్రి కూడలి. డ్యూటీ దిగిన అమ్మ ఈపాటికి అక్కడ రోడ్డు దాటుతూ ఉంటుంది.

చిట్టి బ్రేకు మీద దబదబా కొట్టింది. కొట్టినకొద్దీ అది రాయిలా బిగుసుకుపోయింది.

"పంపు కొట్టినట్టు కొట్టకు! ఒక్కసారే తొక్కి పట్టుకో. రెండు కాళ్లూ పెట్టు!"

"దిగట్లేదు! ఆపే బటన్ కూడా నొక్కాను, ఆగట్లేదు!"

"నడిచే బండి ఒక్క నొక్కుకి ఆగదు. దాన్ని వదిలెయ్. ఇప్పుడు ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది. న్యూట్రల్‌కి తియ్యి!"

ముందు లారీ. చిట్టి స్టీరింగ్ తిప్పింది. లారీ అద్దం కిటికీ పక్కనుంచి రివ్వున వెనక్కి పోయింది. కాలిన రబ్బరు వాసన.

"న్యూట్రల్, చిట్టీ!"

"మీరు అరవకండి! మీ అరుపుకి నాకేం వినబడట్లేదు!"

ఆమె రెండు చేతులూ స్టీరింగ్‌కి అతుక్కుపోయాయి. గేరు లివర్ వైపున్న ఆయన చేతికి కట్టు ఉంది. మొన్న దుకాణం మెట్టు మీద జారిపడ్డాడు. ఇవాళ చిట్టి కారు నడపడానికి కారణం కూడా అదే. రెండో చేత్తో లివర్ అందుకోబోతే, సీటు బెల్టు గుంజి వెనక్కి కూలేసింది.

కూడలి కనబడింది. ఎర్ర దీపం. తెల్ల గీతల మీద పిల్లబండి తోసుకుంటూ ఒకామె. ఆమె వెనకే, భుజాన సంచీతో, నర్సు బట్టల్లో అమ్మ.

ఆయన గొంతు చించుకుని అరిచాడు.

"నాన్న! చిట్టీ, నాన్నకి వెయ్యి!"

చిట్టి చెయ్యి దానంతట అదే కదిలింది. లివర్ ఎన్‌లో పడింది. ఇంజిన్ పిచ్చెక్కినట్టు అరిచింది కానీ, ఆ అరుపు చక్రాల దాకా రాలేదు. బ్రేకు ఈసారి పట్టింది. కారు కాలిబాట అంచుని రాసుకుంటూ వెళ్లి, తెల్ల గీతలకి బారెడు ఇవతల ఆగింది.

"పార్కులో పెట్టి బటన్ నొక్కు. అలాగే పట్టుకో."

ఇంజిన్ ఆగింది. పిల్లబండి ఆమె ఏమీ ఎరగనట్టే రోడ్డు దాటి వెళ్లిపోయింది. అమ్మ వచ్చి కిటికీలోంచి ఇద్దరి మొహాలూ చూసింది.

"ఏంటి, మళ్లీ పోట్లాడుకున్నారా?"

ఇద్దరూ ఒకేసారి "లేదు" అన్నారు.

లాక్కెళ్లే బండి కోసం అమ్మ ఫోన్ చేస్తుంటే, చిట్టి లివర్ పక్కన అరిగిపోయిన అక్షరాలని వేలితో తడిమింది. చిన్నప్పుడు ఇదే కారులో ఒళ్లో కూర్చోబెట్టుకుని నాన్న నేర్పిన పాఠం. పి అంటే పడక. ఆర్ అంటే రా వెనక్కి. ఎన్ అంటే నాన్న, నాన్న దగ్గరికొస్తే బండి ఎటూ పోదు. డి అంటే దౌడు.

"అది మీకెవరు చెప్పారు?"

"మీ అమ్మ. నాకు ఈ కారు నేర్పింది ఆ మాటలతోనే. ఈ వయసులో 'పి అంటే పడక' అని పాఠం అప్పజెప్పించుకుంది."

"మరి నా ముందు ఎప్పుడూ అనలేదే?"

"ఆ మాట నీది కదమ్మా." ఆయన కట్టు సర్దుకున్నాడు. "అడక్కుండా వాడుకోకూడదనుకున్నాను. ఇవాళ తప్పలేదు."

దారి పొడుగునా చిట్టి లాక్కెళ్లే బండి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

రిపేరు షెడ్డు మూసేశారు. లాక్కెళ్లే బండివాడు కారుని ఇంటి గ్యారేజీలోనే దించి, "పొద్దున మెకానిక్ వచ్చేదాకా దీని జోలికి పోకండి" అని చెప్పి వెళ్లాడు. చీకటి పడుతోంది. ఆయన ఒంటి చేత్తో గ్యారేజీ తలుపు లాగుతున్నాడు.

మెట్ల మీంచి చిట్టి గొంతు వినిపించింది.

"నాన్నా!"

ఆయన ఉలిక్కిపడి, తలుపు సగంలో వదిలేసి, కారులోకి తొంగి చూశాడు.

"లేదమ్మా! పడకలోనే ఉంది!"

చిట్టి రెండు మెట్లు కిందికి దిగింది.

"కారుని కాదు," అంది చిట్టి. "మిమ్మల్నే."

ఆయన తలుపుని మెల్లగా, చప్పుడు కాకుండా మూశాడు.