చదివాను, చర్చించాను

తాతారావు చేతిలోంచి పెన్ను జారి కింద పడింది. ఆయన లేవలేదు.

"మావా, గురక కాస్త తగ్గించు. సారు పాఠం మాకు ఇనబడ్డం నేదు," అన్నాడు వెనక బెంచీలోంచి ఢిల్లీబాబు.

తరగతి అంతా నవ్వింది. జాహ్నవికి మాత్రం చిరాకు వేసింది.

అది ఉద్యోగం చేస్తున్న సామాజిక కార్యకర్తల కోసం విశ్వవిద్యాలయం పెట్టిన రెండేళ్ల పైచదువు. తరగతులు ఆదివారాలు మాత్రమే, టెక్కలిలో. జాహ్నవి పలాసలో డయాలసిస్ రోగులకు కౌన్సెలర్. ఈ చదువు పూర్తి చేస్తేనే సూపర్‌వైజర్ పోస్టు.

తాతారావుది కవిటి అవతల సముద్రం ఒడ్డు ఊరు. వేటకు వెళ్లేవాళ్ల ఇంట్లో పుట్టాడు. ఒక చిన్న సంస్థ తరఫున ఇరవై ఏళ్లుగా ఇంటింటికీ తిరిగి జనాన్ని కిడ్నీ జబ్బు తెలిసే రక్తపరీక్షకు ఒప్పిస్తున్నాడు.

ప్రతి విద్యార్థీ తనకు తెలిసిన ఒక మనిషి మీద, పేరు మార్చి, కేసు రికార్డు రాయాలి. జతగా వేసిన విద్యార్థి దాన్ని చదవాలి, కూర్చుని మాట్లాడాలి. ఆపైన చివరి పేజీలో 'చదివాను, చర్చించాను' అన్న మాటల కింద సంతకం చేయాలి.

జాహ్నవికి జత తాతారావు.

ఆమె నేరుగా కోఆర్డినేటర్ ఫణీంద్ర దగ్గరికి వెళ్లింది.

"నన్ను ఇంకెవరితోనైనా వేయండి సార్. క్లాసులో నిద్రపోయే మనిషి నా రికార్డు ఏం చదువుతారు?"

"మీతోనే వేయమని ఆయనే అడిగారమ్మా."

"ఎందుకట?"

"చెప్పలేదు."

గుమ్మం దగ్గర తాతారావు నిలబడి ఉన్నాడు. చెప్పులు కాళ్లకు లేవు, చేతిలో ఉన్నాయి.

"వద్దంతే మార్చీండి సారూ," అన్నాడు.

ఫణీంద్ర మార్చలేదు.

తాతారావు ఆమె రికార్డును మూడుసార్లు చదివాడు. అంచుల్లో పెన్సిల్‌తో చిన్న చిన్న ప్రశ్నలు రాశాడు. 'ఈమె రావడం ఎందుకు మానేసిందో ఈమెనే అడిగారా?' 'రెండు బస్సులు మారి వచ్చే ఓపిక ఉందా?'

జాహ్నవి మళ్లీ వెళ్లి ఆ రోగిని కలిసింది. జవాబులు రాసింది. ఫణీంద్ర ఆ పేజీలు తరగతిలో చదివి వినిపించి, రికార్డు అంటే ఇదీ అన్నాడు. ఆ రోజు ఆమె తాతారావు వైపు చూడలేదు.

ఆయన రికార్డు నెల రోజులుగా ఆమె స్కూటీ సీటు కింద, రెయిన్‌కోటు పక్కన ఉంది.

గడువుకు వారం ముందు ఆదివారం దాన్ని బయటికి తీసింది. చివరి పేజీ తిప్పి సంతకం చేసింది. అందరూ అలాగే చేస్తున్నారు.

మధ్యాహ్నం వరండాలో తాతారావు ఆమె పక్కకు వచ్చి కూర్చున్నాడు. అన్నం తెచ్చుకోలేదు.

"సదివేరా అమ్మా?"

"చదివానండి. బాగుంది."

"బాగుందా?"

"రాత చాలా నీట్‌గా ఉంది."

ఆయన ఆమె పక్కనున్న ఫైలు మీద చేయి వేశాడు.

"ఆ మనిషి ఆస్పత్రికి రానంతన్నాడు కదా. మీరు రోజూ అలాటోల్ని సూత్తారు. మీరైతే ఏటి సెప్తారు?"

జాహ్నవి టిఫిన్ బాక్సు మూత పెడుతూ గడియారం చూసుకుంది.

"మీరు ఎన్నిసార్లు కలిశారు ఆయన్ని?"

తాతారావు కొద్దిగా నవ్వాడు.

"రోజూనమ్మా."

"రోజూ కలిసినా మాట వినకపోతే మనమేం చేస్తాం తాతారావు గారూ? కేసు మూసేసినట్టు రాసేయండి. వచ్చే ఆదివారమే గడువు."

"మూసీమంతారా?"

"మూసేయండి."

ఆయన తలూపాడు. ఫైలు తీసుకుని లేచాడు. లేవడానికి స్తంభం పట్టుకోవలసి వచ్చింది.

గడువు రోజు ఆయన రాలేదు. ఆ తర్వాతి ఆదివారాలూ రాలేదు.

"మావ ఇంటికాడే పడుకుంతన్నాడు కామోసు," అన్నాడు ఢిల్లీబాబు. ఈసారి కూడా తరగతి నవ్వింది.

ఏడో ఆదివారం ఒక స్త్రీ వచ్చింది. చేతిలో పాలిథిన్ కవరు చుట్టిన ఫైలు.

"జాహ్నవమ్మంతే ఎవులమ్మా?"

"నేనే."

"నాను కాంతమ్మని. తాతారావు ఇంటిదాన్ని. ఇది నీకు ఇచ్చీమన్నాడు. ఆయన పోయి నెలైపోనాది."

వరండాలో ఢిల్లీబాబు లేచి నిలబడ్డాడు.

"ఏమైందండీ?" అంది జాహ్నవి.

"ఏటవుతాది, కిడ్నీలే. తీసుకెల్లేసరికే ఆలీసమైపోనాదన్నారు."

"ఒక్క మాట మాతో చెప్పలేదే!"

"మాకే సెప్పనేదు తల్లీ. డయాలసిస్ మెషీనంతే బయ్యం వద్దని ఊరందరికీ సెప్పీవోడు. తనకి బయ్యమేత్తందని ఎవులితో సెప్పుకుంతాడు?" కాంతమ్మ పమిట చెంగుతో ముఖం తుడుచుకుంది. "ఎవులికైనా సెప్పుకోవలసింది కదా అని ఏడిస్తే, సెప్పినాను, అయిపోనాది అన్నాడు. ఎవులికి సెప్పేడో మరి."

జాహ్నవి కవరు విప్పింది. అలవాటుగా చేయి చివరి పేజీకే పోయింది.

'చదివాను, చర్చించాను.' కింద తన సంతకం.

ఆ కింద తాతారావు గుండ్రటి అక్షరాలు: 'జత విద్యార్థి సలహా ప్రకారం కేసు మూసివేయడమైనది.'

ఆమె మొదటి పేజీ తెరిచింది, మొదటిసారి.

'పేరు: సోములు. ఇది మార్చిన పేరు.

వయసు: యాభై ఒకటి.

సమస్య: రెండు కిడ్నీలూ పాడయ్యాయని తెలిసి ఏడాది. ఇంట్లో చెప్పలేదు.

వృత్తి: ఇంటింటికీ తిరిగి జనాన్ని రక్తపరీక్షకు ఒప్పించడం, ఆదివారాలు టెక్కలిలో చదువు.'