రెక్క చిరిగిన పెళ్ళికొడుకు

"కదలకు నాయనా, ఒక్క క్షణం" అని బతిమాలుతూ నోలీన్ గడ్డిలో బోర్లా పడుకుంది.

తెల్లపూల ముళ్ళపొద మీద గోరంత సీతాకోకచిలుక. రాగి రంగు రెక్కలు విప్పుకుని కూర్చుంది.

ఊపిరి బిగబట్టి ఫోటో తీసింది. కెమెరా తెర మీద బొమ్మను పెద్దది చేసి చూసుకుంది. మొహం వాడిపోయింది.

"మళ్ళీ వాడే, డెస్."

డెస్ ఒక సమాధిరాయికి చేరగిలబడి ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటున్నాడు.

"చిరుగుందా?"

"ఉంది. ఎడమ రెక్కకే."

కెటిల్ ఫ్లాట్ ఊరి పాత శ్మశానంలో ఏనాడూ ఎవరూ నాగలి పెట్టలేదు, గొర్రెల్ని తోలలేదు. అందుకే చుట్టుపక్కల ఎక్కడా లేని అడవిపూలు అక్కడ మిగిలాయి. పూలతోపాటు రాగిరెక్కలనే ఈ సీతాకోకలూ మిగిలాయి. కొండవతల ఉన్నవి నిరుటి వేసవి మంటల్లో బూడిదయ్యాయి. ఇక ఆ జాతికి ఈ శ్మశానమే దిక్కు.

ఈ ఏడు చాలానే వచ్చాయని మొదట్లో ఇద్దరూ మురిసిపోయారు. తీసిన ఫోటోలన్నీ పక్కపక్కన పెట్టి చూసుకునేసరికి సంగతి బయటపడింది. అన్నిటిలోనూ అదే చిరుగు. ఉన్నది ఒకే ఒక్క మగది. రోజూ అదే కొమ్మ మీద కూర్చుని ఆడదాని కోసం ఎదురుచూస్తోంది.

డెస్ దానికి పెళ్ళికొడుకని పేరు పెట్టాడు.

"పీటల మీద కూర్చున్నాడు పాపం. పిల్ల జాడే లేదు."

"నవ్వకు. వాడి ఆయుష్షెంత? మహా అయితే వారం. గుడ్లు పడకపోతే వచ్చే ఏడు ఇక్కడ మనమిద్దరం, ఈ సమాధులే."

గేటు కిర్రుమంది.

ఎండకు కమిలిన మొహంతో బక్కపలచని మనిషి లోపలికి వచ్చాడు. ఒక చేతిలో వల. చంకలో నీలం రంగు ఐసుపెట్టె.

నోలీన్ ఒళ్ళు మండిపోయింది. ఇలాంటివాళ్ళు ఆమెకు కొత్త కాదు. పట్టిన సీతాకోకను ఐసులో పెడితే మత్తుగా పడి ఉంటుంది, రెక్క నలగదు. తరవాత గుండుసూది గుచ్చి అద్దాలపెట్టెలో అమ్ముకుంటారు. అందుకే సీతాకోకల ఫోటోలు తీసేవాళ్ళందరికీ ఒకటే కట్టుబాటు. ఎక్కడున్నాయో చెప్పకూడదు, ఉన్నాయనే చెప్పకూడదు.

ఆమె కెమెరా తెరను అరచేత్తో మూసేసింది.

"ఇక్కడ రాగిరెక్కలు కనిపించాయాండీ?" అని అడిగాడు ఆ మనిషి.

"ఏం రెక్కలు?"

"తెలియకపోతే ఈ పొద ముందు ఎందుకు పడుకుంటారండీ?"

"ఆవిడ చోటు చూసుకుంటోందిలే," అన్నాడు డెస్. "ముందే చూసుకోకపోతే శ్మశానంలో మంచి చోటు దొరుకుతుందా?"

ఆ మనిషి నవ్వలేదు.

"ఒక్కటి ఉన్నా చాలు. మీకు పుణ్యముంటుంది, చెప్పండి. ఊరూరా తిరిగి వస్తున్నాను."

"ఆ పెట్టెలో ఏముంది?"

అతను పెట్టెను గుండెకు హత్తుకున్నాడు.

"ఏం లేదండీ. తిండి."

"మరి వలెందుకో? తిండి ఎగిరిపోతుందనా?"

అతను తల దించుకున్నాడు.

"ఈ ఏడు ఒక్కటీ రాలేదు," అంది నోలీన్. "అంతా అయిపోయింది."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

అతను పెట్టెను ఒళ్ళో పెట్టుకుని గడ్డిలో కూలబడ్డాడు. నోలీన్ వెనక పెళ్ళికొడుకు తాపీగా రెక్కలు విప్పాడు. డెస్ గభాలున లేచి కొమ్మకు టోపీ అడ్డం పెట్టాడు.

"నేను మీకొక మాట..." అని మొదలుపెట్టి ఆ మనిషి ఆగాడు. "మీరు వన్యప్రాణి శాఖవాళ్ళు కాదు కదా?"

"వాళ్ళమే," అన్నాడు డెస్ ఠక్కున. "అనుమతి కాగితం తియ్యి. లేదంటే పెట్టె ఇటు పెట్టు."

ఆ మనిషి మొహం పాలిపోయింది. పెట్టెను చంకన పెట్టుకుని వెనక్కి చూడకుండా పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు.

"పీడ విరగడైంది," అంది నోలీన్. ఆ సీజనులో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

కొద్దిరోజులకు కొమ్మ ఖాళీ అయింది.

నోలీన్ పొద్దుగూకేదాకా గడ్డిలోనే పడుకుంది. ఆరోజు ఒక్క ఫోటో కూడా తియ్యలేదు. డెస్ ఆమెను చెయ్యి పట్టి లేపి బేకరీకి తీసుకెళ్ళాడు.

"ఆ నీలం పెట్టె ఆయన మీకు కనిపించాడా?" అని అడిగింది బేకరీ నడిపే లాన్, మాంసం కూరిన రొట్టెలు సంచిలో పెడుతూ. "సీతాకోకల సంగతి మీకే తెలుసని నేనే పంపాను."

"ఎవరతను?"

"కొండవతల ఆయన. మంటలొచ్చిన రోజు ఇల్లు వదిలేసి రాగిరెక్కల గొంగళిపురుగుల్ని ఏరుకుని పరిగెత్తాడట. ఏడాదంతా అద్దింటి వంటగదిలో పెంచాడట, వాటిని కాచుకునే చీమలతో సహా. అనుమతి లేకుండా పెంచానని ఒకటే భయం."

లాన్ ఇంకో రొట్టె సంచిలో వేసింది.

"శ్మశానం నుంచి తిరిగొచ్చి ఆ బల్ల దగ్గరే కూర్చుని ఏడ్చాడు. శాఖవాళ్ళు పెట్టె లాక్కుంటారట, వాటికేమో రోజులు దగ్గరపడ్డాయట. మా కొట్టు వెనక కాలవగట్టున మూత తీసేశాడు. చచ్చేలోపు కాస్త ఎండైనా చూస్తాయన్నాడు."

నోలీన్ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"వదిలేశాడా? అయితే ఫరవాలేదు, డెస్! వాటిలో ఆడదీ మగదీ జంట ఒక్కటి కలిసినా చాలు. గుడ్లు పడతాయి. వచ్చే ఏడు..."

"అదే కదా నోలీన్ ఆయన ఏడుపు," అంది లాన్ సంచి మూతి మడుస్తూ. "బతికి బయటపడ్డవన్నీ ఆడవేనట."