పిగిలిపిట్ట మెడలో దండ

అడవిలో పిచ్చిపట్టిన జంతువులకు నక్క ఒక ఆశ్రమం నడిపేది. లోపల కడుపులు మాడుస్తారని పుకారు పుట్టింది. నిజమేదో చూసి రమ్మని గుడ్లగూబ పిగిలిపిట్టను పంపింది. ఆ పిట్ట తోక కింద ఎరుపెందుకో అది వేరే కథ లెండి. పిట్ట నక్క ఎదుట తలకిందులుగా వేలాడి, "నేను గబ్బిలాన్ని" అంది. నక్క వెంటనే చేర్చుకుని, రెక్కలు తీగతో కట్టేసింది.

లోపల తిండి లేదు, తన్నులున్నాయి. పక్కనే ఒక ముసలి కుందేలు కట్టేసి ఉంది.

"నీకేం పిచ్చి, అవ్వా?"

"మా ముసలాణ్ణి ఇక్కడ పస్తులుంచి చంపారని అడవంతా చెప్పానమ్మా. అదే నా పిచ్చి."

"నేను బయటపడగానే నిన్ను విడిపిస్తాను," అని పిట్ట మాటిచ్చింది.

కొన్నాళ్లకు గుడ్లగూబ వచ్చి, ఆ పిచ్చి ఉత్తదేనని, తానే పంపానని చెప్పి పిట్టను తీసుకుపోయింది. పిట్ట చూసిందంతా చెబితే అడవి కళ్లనీళ్లు పెట్టుకుంది. సింహం నక్కను మందలించి, పిట్టకు మెడ వంగిపోయేంత బంతిపూల దండ వేసింది.

"మరి కుందేలవ్వ, మృగరాజా? ఆమే ముందు చెప్పింది గదా!"

"నీది దొంగపిచ్చి కనుక నమ్మాం. ఆమెది అసలు పిచ్చని నక్కే తేల్చింది గదా!"

పిట్ట దండతోనే వెళ్లి ఆశ్రమం కంచె దగ్గర నిలబడింది. లోపల అవ్వ కట్టుతాడు సాగినంత దూరం కంచె వైపు జరిగింది.

"ఆ పూలు ఇలా పడెయ్యమ్మా, ఆకలేస్తోంది," అంది.