గోడ మీద ఎర్రచుక్క

పారేసిన సీడీ డ్రైవు విప్పి, కొత్త జంట దేవమణీ సొలొమోనూ అందులోని లేజరు ముక్కను సంబరంగా బయటికి తీశారు. న్యూ సెటిల్‌మెంట్ కాలనీలోని తమ క్వార్టరులో దీపం ఆర్పి బ్యాటరీలు తగిలించగానే గోడ మీద మసక ఎర్రచుక్క వెలిగింది. దేవమణి చప్పట్లు కొట్టి గంతేసింది.

“కంట్లో పడితే సూపు పోతాది. దాన్ని కదపకే!” అన్నాడు సొలొమోను.

“నానెక్కడ కదిపినాను? బల్ల మీదే ఉందండీ!”

చుక్క గోడ దిగి అతని చొక్కా మీదికి వచ్చింది. నవ్వుతూనే ఆమె బ్యాటరీలు ఊడబీకింది. అయినా చుక్క ఆరలేదు. అతని గొంతు దాటి, గడ్డం దాటి పైకి పాకుతోంది. ఆమె బ్యాటరీలు వదిలేసి, గబుక్కున అతని కళ్లు రెండు చేతులతో మూసేసింది.

“ఏటే, దాగుడుమూతలా?” సొలొమోను పకపకా నవ్వాడు.

బ్యాటరీలు గచ్చు మీద దొర్లి దొర్లి ఆగాయి. చుక్క ఆమె పెళ్లి ఉంగరం దగ్గర కాసేపు నిలిచి, మెల్లగా వేళ్ల సందు వెతకసాగింది.