ముందు సీటు

"జెండా ఊపినంకనన్నా బ్రేకు ఇడువు అక్కా," అన్నాడు మహదేవప్ప.

గిరిజమ్మ విడవలేదు. రెండు సీట్ల సైకిల్‌కు ముందు సీటు మీద కూర్చుని, హ్యాండిల్‌ను ఉడుకుతున్న కుక్కర్‌ను పట్టుకున్నట్టు పట్టుకుంది. ఒంటి మీద కూతురు రశ్మి చుడీదార్, నెత్తిన హెల్మెట్. వెనక సీట్లో కొడుకు నిఖిలేశ్ కాళ్లు ఆడిస్తూ నవ్వుతున్నాడు.

మహదేవప్ప వాళ్ల సైకిల్ క్లబ్ కెప్టెన్. ఏడాదికోసారి క్లబ్ పెట్టే జోడీ పందెం అది. రాయచూరు బయటి నుంచి యరగేర దాకా వెళ్లి తిరిగి రావాలి. హ్యాండిలూ బ్రేకులూ ముందువాళ్లవి. వెనకవాళ్లకు తొక్కుడే పని.

ఆర్నెల్లుగా నిఖిలేశ్‌కు ముందు కూర్చున్నది స్నేహితుడు ప్రాణేశ్. పోయిన వారం అతను బైకు మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆ సంగతి విని గిరిజమ్మ "అయ్యో" అంది గానీ, లోపల మాత్రం పీడ విరగడైందనుకుంది. పందెం తప్పినట్టే కదా. అయితే నిఖిలేశ్ ఆ రోజు నుంచి సరిగా తినలేదు.

"వచ్చే యేడు పోదువుగాని రా."

"నువ్వు అన్నిటికీ వచ్చే యేడే అంటవు."

మహదేవప్ప ఇంకో కుర్రాణ్ని పంపాడు. ఆ కుర్రాడు ఇంటి ముందే చేతులు వదిలేసి సైకిల్ తొక్కి చూపించాడు. గిరిజమ్మ అతన్ని గడప కూడా తొక్కనివ్వలేదు.

"భయం లేనోని ఎనక నా కొడుకును కూసోబెట్ట. నేనే తొక్కుత."

ఇంట్లో అందరూ నవ్వారు. చిన్నప్పుడు కల్లూరులో ఆమె బడికి సైకిల్ మీదే వెళ్లేది. ఆ ధైర్యంతో వారమంతా స్టేడియంలో తంటాలు పడింది. మోకాళ్లు దోక్కుపోయాయి.

"ఎందుకమ్మా గింత పరేషాన్?" అన్నాడు నిఖిలేశ్.

"పడితే ముందు నేను పడాల. అంతే."

ఇప్పుడు పక్కన నిలబడ్డ జోడీ జాలహళ్ళి వైపు నుంచి క్లబ్‌లోకి కొత్తగా వచ్చింది. ముందు సీట్లో ఉన్నవాడు ధర్మతేజ.

"ఏంటండీ అమ్మగారూ, మీరు ముందా? మీ అబ్బాయి వెనకాల దర్జాగా కూర్చున్నాడే!"

"నన్ను ముందట కూసోనియ్యదన్నా మా అమ్మ," అన్నాడు నిఖిలేశ్.

"పెళ్లి పీటల మీద కూడా ఆవిడే ముందు కూర్చుంటారేమో చూసుకో మరి!"

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. గిరిజమ్మకు అదేమీ వినపడలేదు. దూరంగా ఒక లారీ కనబడుతోంది.

జెండా ఊగింది.

"లారీ వస్తుంది రా! కరెంటు ప్లాంటు బూడిద లారీ! ఇటే వస్తుంది!"

"దాని దారిల అది పోతది గదా అమ్మా. తొక్కు."

"గుంత! కుడిపక్క గుంత! అయ్యో, ఇంకోటి! కుక్క పండుకుంది రా, లేస్తదేమో!"

ఆమె నోటికి విరామం లేదు. దాటిపోతున్న రెండు జోడీలూ "రేడియో అవ్వా, పాట పెట్టు!" అని కేకలేశాయి. యరగేర టీ కొట్టు బెంచీ మీదున్న ముసలాయనకైతే చూడలేక కోపమే వచ్చింది.

"ఏయ్ తమ్మీ! అమ్మను ఎనక కూసోబెట్టి నువ్వు ముందట తొక్కరాదూ? సిగ్గులేదా?"

నిఖిలేశ్ తొక్కుతూనే చెయ్యి ఊపాడు.

"మలుపుల ఇసుకుంటది," అని గిరిజమ్మ అందరికంటే ముందే బ్రేకు నొక్కింది. ఇసుక నిజంగానే ఉంది. వేగంగా తిరిగిన ధర్మతేజ జోడీ జారి, పక్కనున్న ముళ్లకంప దాకా పోయి పడింది. వాళ్లు లేచి సైకిల్ నిలబెట్టేలోగా తల్లీకొడుకులు దాటేశారు.

"దాటినమా?" అన్నాడు నిఖిలేశ్.

"దాటినం. దెబ్బలేం తగల్లే, పాపం."

తిరుగుదారిలో ఆఖరున పెద్ద దిగుడు. దాని కింద ముగింపు జెండా. వెనక నుంచి ధర్మతేజ బెల్లు దగ్గరవుతోంది.

"అమ్మా, బ్రేకు పట్టినవు."

"దిగుడుంది రా. పడితే..."

"ముందట ఏమన్నా ఉందా?"

"నీకెందుకు? తొక్కు."

"నీ వీపు అడ్డం ఉంది గదా, చెప్పు," అన్నాడు నవ్వుతూ.

గిరిజమ్మ చూసింది. లారీ లేదు. కుక్క లేదు. గుంత కోసం వెతికింది, అదీ లేదు.

"ఏం లేదు రా. ఖాలీ రోడ్డు."

"నిజంగ?"

"నిజంగ."

"మరి ఇడువు."

ఆమె వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి. సైకిల్ దూసుకుపోయింది. గాలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ దిగుడంతా గిరిజమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. వెనక నుంచి కొడుకే, చిన్నపిల్లాడిలా, హో అని అరుస్తూనే ఉన్నాడు.

మూడో స్థానం వాళ్లకు. ధర్మతేజ జోడీ నాలుగు.

మహదేవప్ప ఇద్దరి మెడల్లోనూ పతకాలు వేశాడు. గిరిజమ్మ సైకిల్ అప్పగించి, తన సంచీ తెచ్చుకోవడానికి వెళ్లింది. నిఖిలేశ్ చెట్టు నీడలో నిలబడ్డాడు. అందరూ పెట్టుకున్న నల్లద్దాలే అతనూ పెట్టుకున్నాడు. ధర్మతేజ మోచేతికి అంటిన ఇసుక దులుపుకుంటూ వచ్చి, ఏమీ అనకుండా చెయ్యి చాపాడు.

నిఖిలేశ్ ఆ చెయ్యి అందుకోలేదు. ఎటో తిరిగి నవ్వుకుంటున్నాడు.

"మూడో ప్లేసుకే ఇంత పొగరా బాబూ?" అన్నాడు ధర్మతేజ, చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

గిరిజమ్మ గబగబా వచ్చి, సంచీలోంచి తెల్లకర్ర తీసి, మడతలు విప్పి కొడుకు చేతిలో పెట్టింది.